కర్ర స్తంభం ఎన్నేళ్లు నిలుస్తుంది?

పోయిన నెల ఈ శీర్షికలో దక్షిణ అమెరికాలోని గయానా దేశం గురించి నాలుగు మాటలు రాశాను. విద్యుత్ శాఖలో రిటైరయ్యాక ఒక లైన్ల కాంట్రాక్టు పని మీద కొంతకాలం అక్కడున్నాను. ఆ దేశంలో కరెంటు స్తంభాలు ఎక్కువగా కర్రవేనని, అందులోనూ 'వల్లబా' అనే అడవి చెట్టు మానును మందేమీ పట్టించకుండానే పాతేస్తారని చెప్పాను. దాని మీద వచ్చినన్ని ఉత్తరాలు మీటరు రీడింగుల మీద కూడా రాలేదు. అందుకే ఈసారి శీర్షిక మొత్తం కర్రకే.

ప్రశ్న: మందు లేకుండా కర్ర పాతికేళ్లు నేలలో నిలుస్తుందని రాశారు. మా పెరట్లో పాతిన సరుగుడు గుంజ రెండు వానాకాలాలకే మొదలు పుచ్చి పడిపోయింది. మిమ్మల్ని నమ్మమంటారా, నా గుంజను నమ్మమంటారా?
— ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు, పలాస

జవాబు: ఇద్దరినీ నమ్మండి మాస్టారూ. సరుగుడు గట్టి కర్రే, బరువైన కర్రే. కానీ గట్టిదనం వేరు, నేలలో నిలవడం వేరు. మేకు దిగనంత గట్టిగా ఉన్న కర్ర కూడా రెండేళ్లలో చెదకు ఆహారమైపోవచ్చు.

ముదిరిన మానును అడ్డంగా కోసి చూడండి. చాలా జాతుల్లో బయట తెల్లటి వలయం, లోపల ముదురు రంగు చేవ కనిపిస్తాయి. తెల్లచెక్క చెట్టుకు నీళ్లు మోసే భాగం. అందులో పిండి పదార్థం ఉంటుంది కాబట్టి బూజుకూ పురుగుకూ అది ఇష్టం. ప్రపంచంలో ఏ చెట్టు తెల్లచెక్కా నేలలో నిలవదు, టేకుదైనా సరే. చెట్టు ముదిరే కొద్దీ లోపలి పొరలు నీళ్లు మోయడం మానేస్తాయి, వాటిలో చెట్టు రకరకాల జిగుర్లు, టానిన్లు, నూనెలు నింపుతుంది. ఆ పదార్థాలు కొన్ని జాతుల్లో బూజుకు విషం. వల్లబా అలాంటిది. దాని చేవ ఎర్రటి గోధుమరంగులో ఉంటుంది, నిలువునా నల్లటి జిగురు చారలు ఉంటాయి. ఎండలో పెడితే స్తంభం ఒంటి మీద బంక కారి గడ్డకడుతుంది. కొత్త స్తంభం మోసిన వాళ్ల చొక్కాలు ఇక పారేయాల్సిందే.

మీ గుంజ ఎక్కడ విరిగిందో గుర్తు తెచ్చుకోండి. నేల మట్టానికి అటో ఇటో జానెడులోనే అయ్యుంటుంది. బూజుకు తడి కావాలి, గాలీ కావాలి. లోతుకి పోతే గాలి ఆడదు, పైకి పోతే తడి నిలవదు. రెండూ కలిసేది నేల మట్టం దగ్గరే. కర్ర స్తంభం తనిఖీ చేసే లైన్‌మ్యాన్ పైకి చూడడు. మొదట్లో మట్టి తవ్వుతాడు, సుత్తితో కొట్టి చప్పుడు వింటాడు, అనుమానమొస్తే బర్మాతో సన్నటి బెజ్జం వేసి లోపలి పొట్టు బయటికి తీసి చూస్తాడు. స్తంభం పైన ఎంత నున్నగా ఉన్నా తీర్పు కింద ఆ జానెడులోనే.

మనదేశంలో దీన్ని కొలిచే పద్ధతి ఎప్పటినుంచో ఉంది. దేహ్రాదూన్‌లోని అటవీ పరిశోధనా సంస్థ వాళ్లు 60 సెంటీమీటర్ల పొడవు, 5 సెంటీమీటర్ల మందమున్న చేవ ముక్కల్ని సగం వరకు నేలలో పాతి, ఏటా పీకి చూస్తారు. వరసగా పాతిన ముక్కలు సమాధుల్లా ఉంటాయని దానికి శ్మశాన పరీక్ష అని పేరు. సగటున 10 ఏళ్లు దాటితే మొదటి తరగతి, 5 నుంచి 10 అయితే రెండో తరగతి, అంతకంటే తక్కువైతే మూడోది. టేకు, సాల్ మొదటి తరగతివి. మన శ్రీకాకుళం కొండల్లో గుగ్గిలం చెట్టు అంటామే, అదే ఈ సాల్. దేశంలో కరెంటు తొలి రోజుల్లో దీని స్తంభాలు చాలా వాడారు. పరీక్షలోని ముక్క చిన్నది కాబట్టి పదేళ్లు. అదే కర్ర స్తంభమంత లావుంటే అంతకంటే చాలా ఎక్కువే నిలుస్తుంది.

ప్రశ్న: తాతగారూ, నేను పర్యావరణ శాస్త్రం చదువుతున్నాను. సహజంగా పెరిగిన ఉష్ణమండల అడవిలో చెట్టు నరికి కరెంటు స్తంభం చేసి, దానికి 'సుస్థిరం' అని ముద్ర వేయడం మోసం కాదా?
— డిగ్రీ విద్యార్థిని, రాజమహేంద్రవరం

జవాబు: మోసం కావచ్చు, కాకపోవచ్చు తల్లీ. లెక్క వేస్తే తేలుతుంది. నీ ప్రశ్న బావుంది కాబట్టి కొంచెం పెద్ద జవాబే రాస్తాను.

ముందు గయానా సంగతి. ఆ దేశంలో ఐదింట నాలుగొంతులకు పైగా అడవే. జనం దాదాపు అంతా సముద్రం ఒడ్డున సన్నటి పట్టీలో, ఆటుపోటు మట్టానికి దిగువన, కట్టల వెనక ఉంటారు. అక్కడ అడవికి ప్రధాన శత్రువు గొడ్డలి కాదు, బంగారు గనులు. 2009లో నార్వే ప్రభుత్వం అడవిని నిలబెడితే 25 కోట్ల డాలర్ల వరకు ఇస్తామని ఆ దేశంతో ఒప్పందం చేసుకుంది. దేశం మధ్యలో ఇవోక్రమా అని 3 లక్షల 71 వేల హెక్టార్ల అడవి ఉంది. దాన్ని ఒక అంతర్జాతీయ కేంద్రానికి అప్పగించారు. అందులో దాదాపు సగం ముట్టుకోరు, మిగతా సగంలో లెక్క ప్రకారం కలప తీస్తారు.

ఆ లెక్క ఏమిటంటే, ఒక హెక్టారులో 20 ఘనపు మీటర్లకు మించి తీయకూడదు. ఒకసారి తీశాక 60 ఏళ్ల వరకు మళ్లీ అక్కడ అడుగు పెట్టకూడదు. నరికే ముందు చెట్టు చెట్టుకీ నంబరు వేసి పటం గీస్తారు. ఏ చెట్టు ఎటు పడాలో, ట్రాక్టరు ఏ దారిన రావాలో ముందే నిర్ణయిస్తారు. విత్తనాల కోసం వదిలే చెట్ల మీద వేరే గుర్తు ఉంటుంది.

ఇప్పుడు కాగితం తీసుకో. తొమ్మిది పది మీటర్ల స్తంభం, సగటున 25 సెంటీమీటర్ల లావు అనుకుంటే సుమారు అర ఘనపు మీటరు. అంటే 20 ఘనపు మీటర్లకు 40 స్తంభాలు. ఊళ్లలో వేసే ఎల్‌టీ (తక్కువ వోల్టేజీ) లైనుకు 50 మీటర్లకొకటి చొప్పున కిలోమీటరుకు 20 స్తంభాలు కావాలి. కాబట్టి 60 ఏళ్లకు ఒక హెక్టారు ఇచ్చేది రెండు కిలోమీటర్ల లైను. స్తంభం ముప్పై ఏళ్లు నిలిచిందనుకుందాం. ఆ 60 ఏళ్లలో రెండుసార్లు మార్చాలి కదా, కాబట్టి ఒక కిలోమీటరు లైను వెనక ఒక హెక్టారు అడవి ఎప్పటికీ అలాగే నిలబడి ఉండాలి. స్తంభం పదిహేనేళ్లకే పుచ్చితే రెండు హెక్టార్లు కావాలి. మన్నిక అనేది ఇంజనీరు ముచ్చట మాత్రమే కాదు. మొదలు పుచ్చే వేగాన్ని బట్టే అడవి ఎంత తరుగుతుందో తేలుతుంది.

ఈ లెక్క గయానాకు సరిపోతుంది. అడవి విస్తారం, జనం తక్కువ. సిమెంటు బయట దేశాల నుంచి రావాలి. లోపలి ఊళ్లకు నది మీద పడవలోనే స్తంభం వెళ్లాలి. అలాంటి చోట పక్క అడవిలోని మాను కంటే మెరుగైనది నాకు కనిపించలేదు.

ఇక నాకు నచ్చనిదీ చెబుతాను. కోత కర్రకైతే లావుపాటి ముసలి చెట్టు కావాలి. స్తంభానికి కావలసింది నడివయసు చెట్టు, అదీ రూళ్లకర్రలా తిన్ననిది. ఏటా తిన్నటివన్నీ ఏరి నరికి, వంకరవి వదిలేస్తే యాభై ఏళ్ల తర్వాత ఆ అడవిలో విత్తనం ఎవరిది? వంకర చెట్టుదే. పైగా వల్లబా విత్తనం దూరం పోదు. ఈ చెట్టుకు పూలు పొడవాటి తాళ్లకు వేలాడతాయి, గబ్బిలాలు వచ్చి వాలతాయి. కాయ కొడవలిలా వంగి ఉంటుంది, ఎండి ఫట్‌మని పేలుతుంది. ఎంత పేలినా విత్తనం బరువైనది కాబట్టి తల్లి చెట్టుకు కాస్త దూరంలోనే పడుతుంది. ఒక చోట తల్లులన్నిటినీ తీసేస్తే పక్క అడవి నుంచి విత్తనం ఎగిరొచ్చి మొలవదు.

ఇంకోటి, వల్లబా ఎక్కువగా పెరిగేది తెల్లటి ఇసుక నేలల్లో. పంచదార పోసినట్టుండే ఆ ఇసుకలో సారం ఉండదు. ఉన్న సారమంతా చెట్లలోనూ పైన రాలిన ఆకుల్లోనూ ఉంటుంది. రోడ్డు పక్క అడవిని బొగ్గు కోసం పూర్తిగా కొట్టి, కరువు ఏడాదిలో నిప్పు పడిన చోట వల్లబా తిరిగి రాలేదు. పొదలు, తేలిగ్గా అంటుకునే వేరే జాతులు వచ్చాయి. జార్జిటౌన్ నుంచి దక్షిణంగా లిండెన్ పోయే దారిలో రెండు రకాల అడవీ పక్కపక్కనే కనిపిస్తుంది.

అందుకని 'సుస్థిరం' అన్న మాట చెట్టు జాతికి అంటుకోదు. ఏ అడవి, ఎంత తీశారు, మళ్లీ ఎప్పుడొస్తారు, ఎవరు చూశారు, ఈ నాలుగూ చెప్పగలిగితేనే ఆ ముద్రకు విలువ. ఇవోక్రమాకు 2008లో ఎఫ్‌ఎస్‌సీ ధ్రువపత్రం వచ్చింది. అడవిని పద్ధతిగా వాడుతున్నారని ధ్రువీకరించే అంతర్జాతీయ సంస్థ అది. బయటి తనిఖీదారులు వచ్చి పటాల ప్రకారం మోడులు లెక్కపెట్టడం ఆ ధ్రువపత్రంలో భాగం. ఆఫీసులో కూర్చుని వేసే ముద్రను నువ్వు అనుమానించడం సబబే. మోడులు లెక్కపెట్టి వేసిన ముద్రను మాత్రం కొంచెం గౌరవించు.

ప్రశ్న: మాకు ఎనిమిదెకరాల జామాయిల్ ఉంది. ఆస్ట్రేలియాలో జామాయిల్ స్తంభాలే వాడతారట కదా. కాగితం మిల్లు ధర పడిపోయింది. స్తంభాలకు అమ్ముకోవచ్చా?
— ఒక రైతు, కందుకూరు

జవాబు: ఆస్ట్రేలియా మాట నిజమేనండీ. లక్షల కర్ర స్తంభాలు అక్కడ నిలబడి ఉన్నాయి, అందులో జామాయిల్ కుటుంబానివే ఎక్కువ. అయితే ఆ కుటుంబంలో వందల జాతులు. అక్కడ స్తంభానికి వాడేది ఐరన్‌బార్క్, స్పాటెడ్ గమ్ లాంటివి. ఐరన్‌బార్క్ చేవ వాళ్ల ప్రమాణాల్లో మొదటి తరగతి, అంటే నేలలో 25 ఏళ్లు దాటుతుందని లెక్క. నెమ్మదిగా, దశాబ్దాల పాటు పెరిగిన చెట్లవి. అంత చేవ ఉన్నా చుట్టూ ఉన్న తెల్లచెక్కకు మళ్లీ ఒత్తిడితో మందు పట్టిస్తారు.

మీ తోటలోవి కాగితం గుజ్జు కోసం వేగంగా పెరగడానికి ఎంచిన క్లోన్లు. నాలుగైదేళ్ల మానులో చేవ ఎక్కడుంటుంది? అడ్డంగా కోసి చూడండి, దాదాపు అంతా తెల్లచెక్కే. మందు లేకుండా పాతితే మాస్టారి సరుగుడు గుంజకు తోడవుతుంది. బ్రష్షుతో పూసే మందు పై పొరకే. ఇనుప సిలిండరులో పెట్టి, గాలి లాగేసి, ఒత్తిడితో ఎక్కించే ప్లాంటు దగ్గర్లో ఉండి, వాళ్లు కొంటామని కాగితం మీద రాసిస్తే అప్పుడు ఆలోచించండి. దళారి నోటిమాట మీద మాత్రం మిల్లు కోత వాయిదా వేయకండి. కొందరు చివరికి ఎర్రచందనం చేవ గురించి కూడా అడుగుతున్నారు. దాని చేవ అద్భుతమే. అనుమతి లేకుండా నరికితే జైలు కూడా ఖాయమే.

ప్రశ్న: మా నాన్నగారు వేలంలో పాత కర్ర స్తంభాలు కొన్నారు. కొన్ని నల్లగా తారు వాసన వేస్తున్నాయి, కొన్ని ఆకుపచ్చ ఛాయలో ఉన్నాయి. పశువుల పాకకు నిట్రాళ్లుగా వేసి, మిగిలిన ముక్కలు వంటచెరకుకి వాడదామంటున్నారు. పరవాలేదా?
— ఒక గృహిణి, సామర్లకోట

జవాబు: వంటచెరకు మాట ఈరోజే ఆపించండమ్మా. పొయ్యిలోకే కాదు, నీళ్ల కాగు కిందకి కూడా వద్దు.

నల్లటివి క్రియోజోట్ పట్టించినవి, బొగ్గు తారు నుంచి తీసే నూనె అది. చర్మం మంటపుడుతుంది, పొగ ఇంకా చెడ్డది. ఆకుపచ్చవి రాగి, క్రోమియం, ఆర్సెనిక్ కలిపిన మందు పట్టినవి. ఆర్సెనిక్ అంటే పాషాణమే. కాలిస్తే అది బూడిదలో మిగులుతుంది, కొంత పొగలోనూ పోతుంది. ఆ బూడిదతో గిన్నెలు తోమినా, పాదుల్లో చల్లినా ప్రమాదం.

ఈ ఆకుపచ్చ మందు కథ మనవాళ్లు తెలుసుకోదగ్గది. 1933లో దేహ్రాదూన్ అటవీ పరిశోధనా సంస్థలో దీన్ని కనిపెట్టినాయన శొంఠి కామేశం. ఇంటిపేరు వింటేనే తెలుస్తోంది కదా ఎవరి బిడ్డో. రాగి బూజును చంపుతుంది. రాగికి లొంగని బూజులనూ పురుగులనూ ఆర్సెనిక్ చూసుకుంటుంది. వానకు ఆ రెండూ కొట్టుకుపోకుండా క్రోమియం కర్రకు అతికిస్తుంది. 'ఆస్కూ' అన్న పేరుతో ఆ మందు ప్రపంచమంతా తిరిగింది. చేవ లేని పైన్ చెట్టు కూడా స్తంభమై దశాబ్దాలు నిలబడింది. చేవకర్ర కోసం అడవుల మీద పడే ఒత్తిడి దానివల్ల ఎంత తగ్గిందో ఎవరూ పెద్దగా చెప్పుకోరు. తర్వాత ఆర్సెనిక్ భయంతో అమెరికాలో 2003 చివరి నుంచి ఇళ్ల పనులకు ఆ కర్రను ఆపేశారు. కరెంటు స్తంభాలకు మాత్రం ఉంచారు. ఇలా ఒక్కో మందు మీద ఆంక్షలు వస్తున్న కొద్దీ మందే అక్కర్లేని వల్లబా లాంటి కర్రల మాట మళ్లీ పైకొచ్చింది.

ఇక పాక సంగతి. పశువులు నాకే చోట, గాటికి, దాణా తొట్టికి, బావి పక్కన ఈ స్తంభాలు వద్దు. పొలం గట్టు మీద కంచెకు వేసుకోండి. కోసేటప్పుడు ముక్కుకు గుడ్డ, చేతులకు తొడుగులు ఉండాలి. రంపపు పొట్టును ఏరి చెత్తలోకి పంపండి, పేడదిబ్బలో కలపకండి. రంగూ వాసనా లేని పాత సాల్ స్తంభం ఏదైనా వాటిలో ఉంటే మీ అదృష్టం. మొదలు పుచ్చిన మూడు నాలుగడుగులు కోసేస్తే మిగతాది మంచి దూలమవుతుంది.

ప్రశ్న: సార్, కర్ర స్తంభానికి కరెంటు పాకదు కాబట్టి బెల్టు లేకుండా, సప్లై ఆపకుండా పని చేయొచ్చని మా ఫ్రెండ్ అంటున్నాడు. నిజమేనా?
— ఐటీఐ ఎలక్ట్రీషియన్ విద్యార్థి, కరీంనగర్

జవాబు: నీ ఫ్రెండ్‌ను స్తంభం ఎక్కనివ్వకు అబ్బాయ్. బాగా ఎండిన కర్రలో కరెంటు సులువుగా పాకదు, నిజమే. పిడుగు పడినప్పుడు ఇన్సులేటరు మీదుగా మెరుపు దూకకుండా కర్ర కొంత సాయం కూడా చేస్తుంది. కానీ వాన పడితే, సముద్రపు ఉప్పు పేరుకుంటే, ఎర్త్ తీగ కిందికి దిగి ఉంటే ఆ మాట చెల్లదు. తడి స్తంభం మీద లీకేజీ కరెంటుతో క్రాస్ ఆర్మ్ (తీగలు మోసే అడ్డపట్టీ) దగ్గర నిప్పంటుకున్న సందర్భాలు ఉన్నాయి. సప్లై ఆపాలి, ఎర్త్ చేయాలి, బెల్టు కట్టాలి. స్తంభం కర్రదా, సిమెంటుదా, ఇనుపదా అన్నది ఆ తర్వాత.

ప్రశ్న: గయానాలో తెలుగువాళ్లు ఉన్నారా?
— ఒక పాఠకుడు, హైదరాబాదు

జవాబు: 1838 నుంచి 1917 వరకు చెరకు తోటల్లో కూలి ఒప్పందాల మీద మనదేశం నుంచి 2 లక్షల 38 వేల మందికి పైగా అక్కడికి వెళ్లారు. ఎక్కువమంది కలకత్తా ఓడల్లో వెళ్లినవాళ్లు. మద్రాసు నుంచి వెళ్లినవాళ్లు తక్కువ, వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. వాళ్ల వారసులను ఇప్పటికీ 'మద్రాసీలు' అంటారు. భాష నిలవలేదు, అమ్మవారి కొలుపు నిలిచింది.

ప్రశ్న: అరకు వైపు చిన్న రిసార్టు కడుతున్నాం. లోపలి లైటింగుకు మీరు చెప్పిన లాంటి విదేశీ చేవకర్ర స్తంభాలు తెప్పిద్దామని ఉంది. ఏం చూసి కొనాలి?
— ఒక కాంట్రాక్టరు, విశాఖపట్నం

జవాబు: ముందు ఒక మాట. మీరు అడగలేదు గానీ నా సలహా, తెప్పించకండి. హుద్‌హుద్, తిత్లీ తుపాన్లలో సిమెంటు స్తంభాలు వేలల్లో పడిపోయాక కర్ర మేలేమోనని చాలామందికి అనిపించింది. ఆ గాలికి కర్రా పడుతుంది. మన దగ్గర సిమెంటు స్తంభం పక్క ఊళ్లో తయారవుతుంది. సముద్రాలు దాటించి కర్ర తెచ్చి లైటు వేలాడదీయడం దండగ. పది పదిహేను స్తంభాలే కాబట్టి, అందం కోసమే అయితే, అటవీ శాఖ డిపో వేలంలో టేకు బాదులు దొరుకుతాయేమో కనుక్కోండి. కాగితాలు కూడా సక్రమంగా ఉంటాయి.

తెప్పించే తీరాలంటే 'హార్డ్‌వుడ్' అన్న మాటకు డబ్బు ఇవ్వకండి. చెట్టు శాస్త్రీయ నామం బిల్లులో ఉండాలి. వల్లబా అయితే ఎపెరువా ఫాల్కాటా. ఏ అడవి నుంచి వచ్చిందో, ధ్రువపత్రం నంబరు, ఆ నంబరు మీకు అమ్మినవాడి వరకు తెగకుండా వచ్చిందో లేదో చూడండి. డెక్కుల కోసం వాడే ఇపే లాంటి కొన్ని జాతులు 2024 నవంబరు నుంచి సైటీస్ (ముప్పున్న జాతుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) పట్టికలో ఉన్నాయి, అనుమతి పత్రం లేకుండా అవి ఓడరేవు దాటవు.

సరుకు వచ్చాక మొదలు వైపు కోత చూడండి. చుట్టూ తెల్లచెక్క ఎంత మందముందో కొలిచి, స్తంభం బలాన్ని దాన్ని వదిలేసి లోపలి చేవ లావుతోనే లెక్క కట్టండి, ఎందుకంటే నాలుగేళ్లలో ఆ తెల్లది ఎలాగూ పోతుంది. వల్లబా మేకు కొడితే చీలుతుంది, ముందు బెజ్జం వేసి బోల్టు బిగించాలి. పొడవులో ఆరో వంతు నేలలోకి దిగాలి. ఎత్తు ఎక్కువైందని మొదలు కోయకండి, కోస్తే కొసనే కోయండి. గుంత అడుగున కంకర వేసి, చుట్టూ మట్టిని పొరలు పొరలుగా దిమ్మిసతో కూరండి. నేల మట్టం దగ్గర కాంక్రీటు దిమ్మ పోస్తామని మేస్త్రి అంటాడు, వినకండి. కర్ర ఎండి కాస్త కుంచించుకోగానే దిమ్మకూ కర్రకూ మధ్య సందు పడుతుంది, వాన నీళ్లు అందులో నిలబడతాయి.